తేలికైనదే తీసుకుందాం

లాప్‌టాప్ మూడు రోజులుగా భోజనాల బల్ల మీదే ఉంది. ఆదివారం జట్టు ఎంపిక పోటీలో ఓడి ఇంటికొచ్చిన కూతురు తులం దాన్ని ఎక్కడ పెట్టిందో ఇంకా అక్కడే ఉంది. కంచాలు పక్కకు జరిగాయి, మంచినీళ్ల జగ్గు కిటికీ గట్టు మీదికి వెళ్లింది. దాన్ని తీసి లోపల పెడదామన్న మాట మాత్రం ఎవరి నోటా రాలేదు. తీస్తే దాని గురించి మాట్లాడాలి, మాట్లాడితే ఎవరు ఎంచారన్న సంగతి వస్తుంది.

ఎంచింది తండ్రి. ఆయన కాటాలు బాగుచేసి, తూకం సరిచూసి, సీలు వేసే మనిషి. దుకాణాల వాళ్లంతా కాటాల మేస్త్రి అంటారు. కూతురు నెలలు నిండకుండా పుడితే, ఆసుపత్రి కాటా మీద నమ్మకం లేక తన కాటా తీసుకెళ్లి మళ్లీ తూచిన ఘనుడు. నర్సులు నవ్వారు, కాటా మాత్రం నిజంగానే పది గ్రాములు తప్పు చూపిస్తోందట. ఆ పిల్లకు ఆ రోజు నుంచి తులం అనే పేరు స్థిరపడిపోయింది. ఇరవై ఒకటి నిండినా ఇంకా తులమే.

బుధవారం ఉదయం తల్లి కుట్టుమిషను ముందు కూర్చుని ఎవరిదో ప్యాంటు పొట్టి చేస్తోంది. మిషను ఆపకుండానే అంది.

"పది రోజుల్లోపు తెస్తే మారుస్తామన్నారు షోరూంలో. ఇవాళ ఎనిమిదో రోజు."

"తెలుసు."

"తెలిసి బల్ల మీద పెట్టుకుని చూస్తూ కూర్చుంటే అదే మారిపోతుందా?"

జట్టు వాళ్లు జాబితా ఇవాళ సాయంత్రమే చెప్పేస్తారని, అందులో పిల్ల పేరు ఎలాగూ ఉండదని, ఇప్పుడు మార్చి ప్రయోజనం ఏమిటని ఆయన అన్నాడు. అక్కడితో ఆగినా బాగుండేది. ఓడిపోవడానికి లాప్‌టాప్ ఒక్కటే కారణం కాకపోవచ్చు, పెద్దవాళ్ల ముందు పిల్ల బెదిరిపోయి ఉంటుంది అని కూడా అన్నాడు. అన్న మరుక్షణమే నాలుక కరుచుకున్నాడు.

మిషను ఆగింది. "ఆ మాట దాని ముందు మాత్రం అనకండి" అంది తల్లి.

ఆయనకూ నిజం తెలుసు. ఆదివారం ఆ హాల్లో చివరి వరసలో కూర్చుని కళ్లారా చూశాడు. ఐదుగురు ఒక కోటను కాపాడితే మరో ఐదుగురు దాన్ని పడగొట్టే కంప్యూటర్ ఆట అది. నలభై నిమిషాలు సాగుతుంది. మొదటి ఇరవై నిమిషాలు తులం ఎంత బాగా ఆడిందంటే, పక్కన కూర్చున్న అపరిచితుడు ఎవరమ్మాయండీ ఆ పిల్ల అని అడిగాడు. మా అమ్మాయే అని చెప్పి ఆయన నిటారుగా కూర్చున్నాడు. ఇరవయ్యో నిమిషం దాటాక ఆ సన్నటి లాప్‌టాప్ వేడెక్కింది. వేడెక్కితే అది తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుందట. తెర మీద బొమ్మలు ఆగి ఆగి కదిలాయి. తులం చెయ్యి కదిపిన అరక్షణానికి గానీ ఆమె బొమ్మ కదల్లేదు, ఈలోగా కోట కూలింది.

ఎనిమిది నెలలు, నలభై ఊళ్లు. రైళ్లలో, బస్సుల్లో తిరుగుతూ ఊరూరా హాళ్లలో ఆడే జట్టు అది. ఎవరి యంత్రం వాళ్లే మోసుకోవాలి, ఎవరి యంత్రం మీద వాళ్లే ఆడాలి. ఆ జట్టులో చోటు కోసం తులం మూడేళ్లు కష్టపడింది. మొదటి రెండేళ్లూ ఇదేం పని, కూడు పెడుతుందా గుడ్డ పెడుతుందా అని తండ్రి సాధించాడు. మూడో ఏట మెత్తబడ్డాడు. చివరికి, లాప్‌టాప్ నేనే ఎంచుతాను అని తనంతట తనే ముందుకొచ్చాడు. చూశారా, అసలు చిక్కు అక్కడే వచ్చింది.

షోరూంకి ఆయన సొంత కాటా పట్టుకెళ్లాడు. ఆరు లాప్‌టాపులు తూచాడు. పెట్టె మీద రాసిన బరువులో ఛార్జరు లేదని పట్టుకుని, ప్రయాణంలో దాన్ని ఎవరు మోస్తారు, మీరొచ్చి మోస్తారా అని అక్కడ పనిచేసే కుర్రాణ్ని నిలదీశాడు. చివరికి రెండు మిగిలాయి. ఒకటి లావుపాటిది, వెనక రెండు పెద్ద ఫ్యాన్లు, ఛార్జరుతో కలిపి మూడు కిలోల ఆరువందలు. రెండోది సన్నటిది, రెండు కిలోల వంద. తులం లావుపాటిదాని మూత మీద చెయ్యి వేసి నిలబడి ఉంది.

"తేలికైనదే తీసుకుందాం" అన్నాడాయన.

తులం మూత మీది నుంచి చెయ్యి తీసేసింది. "సరే నాన్నా" అంది. ఆ సరేలో ఏముందో వినిపించుకునే తీరిక ఆయనకు అప్పుడు లేదు. కిలోన్నర తగ్గించానన్న సంతోషంలో ఉన్నాడు.

ఎందుకు అంత సంతోషం అంటే, తులం కుడి భుజం. దాని గురించి ఆ ఇంట్లో ఎవరూ మాట్లాడరు. తొమ్మిదేళ్ల కిందట, పిల్లకు పన్నెండేళ్లప్పుడు, బడి నుంచి తీసుకొస్తూ దారిలో ఒక దుకాణానికి వెళ్లాల్సి ఉందని తూకపు రాళ్ల పెట్టె స్కూటరు మీద పెట్టాడు. పెట్టెను తాడుతో కట్టాలి. ఆలస్యమైందని కట్టకుండా, నువ్వు పట్టుకో అని పిల్ల ఒళ్లో పెట్టాడు. మలుపులో స్కూటరు జారింది. ఇరవై కిలోల ఇనప రాళ్లు పిల్ల భుజం మీద పడ్డాయి. ఆపరేషన్ జరిగింది, మానింది, అందరూ అదృష్టం అన్నారు. ఇప్పటికీ ఆ భుజానికి బరువు తగిలించుకుని అరగంట నడిస్తే వేళ్లు తిమ్మిరెక్కుతాయి. ఆ ఇంట్లో ఆ సంగతిని 'ఆ రోజు' అంటారు, అది కూడా ఆయన లేనప్పుడు.

ఆయన మాత్రం ఒక్కసారి కూడా నోరు విప్పలేదు. తప్పు నాదే తల్లీ అన్న మూడు మాటలు తొమ్మిదేళ్లుగా గొంతులోనే ఉండిపోయాయి.

తులం తల తుడుచుకుంటూ గదిలోంచి వచ్చింది. బల్ల దగ్గర కూర్చుని, లాప్‌టాప్‌ని మోచేత్తో కొంచెం జరిపి, రొట్టె తుంచుకుంది. అమ్మానాన్నలు ఒక్కసారిగా మాట ఆపేశారని గమనించింది గానీ గమనించనట్టే తింది.

"ఆదివారం మీ కెప్టెన్ ఏమడిగింది?" అన్నాడు తండ్రి.

"ఈ లాప్‌టాప్ ఎందుకు కొన్నావని అడిగింది."

"ఏం చెప్పావు?"

"నేనే పరీక్ష చేసి, నేనే ఎంచుకున్నానని చెప్పాను."

"అలా ఎందుకు చెప్పావు? ఎంచింది నేను కదా."

తులం నవ్వింది. "మా నాన్న కాటా వేసి తూచి మరీ కొనిపెట్టాడని చెప్పమంటావా? జట్టంతా ఎనిమిది నెలలు అదే చెప్పుకుని నవ్వుకుంటారు." తర్వాత నవ్వు తగ్గించి, వదిలెయ్ నాన్నా, వచ్చే ఏడాది మళ్లీ చూసుకోవచ్చు అంది. కంచం కడిగి పెట్టి, కుట్టిన బట్టల సంచి ఎడమ భుజానికి తగిలించుకుని, రెండు వీధుల అవతల ఉన్న వాళ్లకు ఇచ్చొస్తానని వెళ్లిపోయింది.

తలుపు పడ్డాక తల్లి కుట్టు వదిలి ఆయన వైపు తిరిగింది.

"మీకొక మాట చెప్పాలి" అంది తల్లి. "చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. అయినా చెబుతాను."

ఆయన తలెత్తాడు.

"ఆ సన్నటిది వేడెక్కుతుందని దానికి ముందే తెలుసు. షోరూం నుంచి వచ్చిన రోజు సాయంత్రమే నాతో అంది, అమ్మా ఇది ఇరవై నిమిషాలకు మించి ఆగదు అని."

"తెలిసి నాతో ఎందుకు చెప్పలేదు?"

"నేనూ అదే అడిగాను. ఏమందో తెలుసా? తొమ్మిదేళ్లలో నాన్న నా భుజం గురించి ఆలోచించడం ఇదే మొదటిసారి చూశానమ్మా, కాటా పట్టుకుని ఒక్కొక్కటీ తూస్తుంటే వద్దనడానికి నాకు నోరు రాలేదు అంది."

బల్ల మీది లాప్‌టాప్‌ని చూశాడు, కిటికీ గట్టు మీది జగ్గును చూశాడు, తన చేతులు చూసుకున్నాడు. ఏడవడం ఆయనకు అలవాటు లేదు. కండువాతో ముఖం తుడుచుకుని, పనిముట్ల సంచి తీసుకుని, చెప్పులు ఎడమది కుడికి వేసుకుని మళ్లీ మార్చుకుని బయటికి నడిచాడు.

ఆ రోజు ఆయనకు పండ్ల మార్కెట్‌లో పని. ఒక దుకాణంలో పెద్ద కాటా నలభై గ్రాములు తక్కువ చూపిస్తోంది. పళ్లెం తీసి చూస్తే కింద ఎండిన ద్రాక్ష తొక్కలు ఇరుక్కుని ఉన్నాయి. శుభ్రం చేశాడు, మళ్లీ తూచాడు, సరిపోయింది. ఆయన దగ్గరొక పుస్తకం ఉంది. తేడా ఎంత అని ఒక గడి, తేడాకు కారణం ఏమిటి అని పక్కనే ఇంకో గడి. కారణం రాయకుండా సీలు వేయడం ఆయన వృత్తిలో పెద్ద తప్పు. కారణం దొరక్క నాలుగు రోజులు ఒకే కాటా ముందు కూర్చున్న సందర్భాలున్నాయి.

కారణం రాస్తూ రాస్తూ ఆయన పెన్ను ఆగింది. ఆదివారం ఓటమికి పిల్ల తన పేరు రాసుకుంది. అది తప్పుడు కారణం. ఇరవై ఎనిమిదేళ్ల వృత్తిలో ఆ గడిలో ఆయన ఒక్క అబద్ధం రాయలేదు, ఇప్పుడు సొంత కూతురి విషయంలో అబద్ధాన్ని ఎలా ఉండనిస్తాడు? ఇంటికి ఫోన్ చేసి ఒక్కమాట అడిగి ఉంటే సరిపోయేది. అడగలేదు. ఇన్నేళ్లకు పిల్ల కోసం ఒక పని చేయబోతున్నానన్న తొందరలో, మిగతా రెండు కాటాలు రేపు చూస్తానని చెప్పి బయల్దేరాడు.

జట్టు సాధన చేసే గది ఒక పాత భవనం మూడో అంతస్తులో ఉంది. లిఫ్టు పనిచేయడం లేదు. లోపల పొడవాటి బల్లలు, నేలంతా వైర్లు, గోడకు చేర్చి ఐదు ప్రయాణపు సంచులు. కెప్టెన్‌కు ముప్పై దాటి ఉంటాయి. ఒకప్పుడు పెద్ద ఆటగత్తె అట. ఇప్పుడు ఆడదు, ఆడిస్తుంది. తులం తండ్రినని చెప్పగానే లేచి కుర్చీ వేసింది, మంచినీళ్లు ఇచ్చింది.

ఆయన ఊపిరి తిప్పుకుని అసలు మాట మొదలుపెట్టేలోపే ఆమె అంది. "మధ్యాహ్నమే మీ అమ్మాయికి ఫోన్ చేశానండీ. రేపు మళ్లీ ఆడి చూపించమన్నాను. తన ఆటలో లోపం లేదు, యంత్రమే దెబ్బ తీసింది. చూసిన వాళ్లెవరికైనా తెలుస్తుంది."

ఆయనకు ఒక్కసారిగా గుండె తేలికైంది. ఆ క్షణాన లేచి, నమస్కారం పెట్టి, మెట్లు దిగి వచ్చేసి ఉంటే ఈ కథ ఇక్కడితో సుఖంగా ఒడ్డున పడేది. ఆయనా లేవబోయాడు. ఆమె తన పాటికి తాను ఇంకో మాట అంది.

"ఒక్కటే నాకు తేలడం లేదు. ఇంత ఆట తెలిసిన పిల్ల అంత సన్నటి లాప్‌టాప్ ఎందుకు ఎంచుకుందా అని. నాలుగు నెలలు ఆడిన బడి పిల్లల్ని అడిగినా చెబుతారు అది ఆగదని. దారిలో ఇలాంటి నిర్ణయాలు తనే తీసుకోవాలి కదా, అదే కాస్త సందేహం."

కారణం గడి ఖాళీగా ఉంది. ఆయన ఉండబట్టలేకపోయాడు.

ఎంచింది తులం కాదని చెప్పాడు. తానని చెప్పాడు. ఎందుకో చెప్పాడు. చెప్పడం మొదలుపెట్టాక ఆగలేదు. స్కూటరు, కట్టని తాడు, ఇనప రాళ్లు, ఆపరేషన్, అరగంట మోస్తే తిమ్మిరెక్కే వేళ్లు, అన్నీ చెప్పాడు. తొమ్మిదేళ్లు భార్యకు చెప్పనివి, కూతురికి చెప్పనివి, ముక్కూ ముఖం తెలియని మనిషి ముందు గడగడా చెప్పేశాడు. "తప్పంతా నాదేనమ్మా. పిల్ల తప్పు కాణీ అంత కూడా లేదు" అన్నాడు.

ఆయన ముగించాక కెప్టెన్ సొరుగు లాగి ఒక ఫైలు తీసింది. అందులోంచి ఒక కాగితం ఆయన వైపు తిప్పి పెట్టింది.

అది తులం నింపిన దరఖాస్తు. గతంలో దెబ్బలు గానీ ఆపరేషన్లు గానీ ఉన్నాయా అన్న ప్రశ్న. దాని ఎదురుగా తులం గుండ్రటి చేతిరాత. ఏమీ లేవు.

ఆయన ఆ రెండు మాటల్ని చాలాసార్లు చదివాడు.

"పోయిన ఏడాది ఒకతను మణికట్టు నొప్పి దాచాడండీ" అంది కెప్టెన్. మాట నెమ్మదిగానే ఉంది. "మూడో నెలకి చెంచా పట్టుకోలేకపోయాడు. ఇప్పటికీ నయం కాలేదు. అతన్ని రైలెక్కించి ఇంటికి పంపింది నేనే. మీ అమ్మాయి ముందే చెప్పి ఉంటే ఏదో ఒక దారి చూసేదాన్నేమో. దాచింది. ఇక మీదట ఏది నొప్పి, ఏది కాదు అని తను చెబితే నేనెలా నమ్మను?"

ఆయన చేతులు జోడించాడు. తాను అసలు రానే లేదనుకోమన్నాడు. ఈ మాటలేవీ వినలేదనుకోమన్నాడు.

"మీరు కాటాలకు సీలు వేస్తారని మీ అమ్మాయి గర్వంగా చెప్పింది నాకు" అంది ఆమె. "తేడా ఉందని తెలిశాక మీరు వేస్తారా?"

ఆయన జోడించిన చేతులు దించాడు. కొండనాలుకకు మందు వేయబోతే ఉన్న నాలుక ఊడిందంటారే, ఆ మాట ఎవరికోసం పుట్టిందో గానీ ఆ పూట అచ్చంగా ఆయనకే చెల్లింది.

లేచి నిలబడ్డాక ఆమె మెట్ల దాకా వచ్చింది. "చీకటి పడేలోపు నేనే ఫోన్ చేసి మాట్లాడతాను. ఈలోపు మీ నోటితో మీరే చెప్పండి. నా దగ్గర కన్నా మీ దగ్గర వింటే తనకు కాస్త నయం" అంది.

దారి పొడుగునా ఆయన మాటలు కూర్చుకున్నాడు. వెళ్లగానే చెప్పెయ్యాలి, చెప్పులు విప్పకముందే చెప్పాలి అనుకున్నాడు. రెండు బస్సులు ఎక్కకుండా వదిలేశాడు. మూడోదాంట్లో తన స్టాపు దాటిపోయి వెనక్కి నడిచాడు. అలా ఆయన ముందుగా చెప్పాల్సిన గంటన్నరా కరిగిపోయింది.

తలుపు తీస్తూనే ఫ్యాన్ల హోరు వినిపించింది. బల్ల మీద లావుపాటి లాప్‌టాప్ ఉంది. మధ్యాహ్నం ఫోన్ రాగానే తల్లీకూతుళ్లు షోరూంకి పరుగెత్తి మార్చుకొచ్చారట. తల్లి మిషను వదిలేసి కూతురి పక్కన కుర్చీలో కూర్చుని, ఒక్క ముక్క అర్థం కాకపోయినా, తెరకేసి చూస్తూ నవ్వుతోంది. ఆమె పని మధ్యలో వదిలి కూర్చోవడం ఆయన చూసి ఎన్నాళ్లయిందో.

"నాన్నా, రేపు మళ్లీ ఆడమంది కెప్టెన్" అంది తులం కళ్లు తిప్పకుండా. "ఇప్పటికి యాభై నిమిషాలు. ఒక్కసారి కూడా ఆగలేదు. షోరూం నుంచి నేనే మోసుకొచ్చాను, ఎడమ భుజానికి. అమ్మనడుగు."

తల్లి అవునన్నట్టు తలూపింది. ఆయన మంచినీళ్లు తాగాడు. ఇంకో గ్లాసు తాగాడు. కుర్చీ లాక్కుని కూతురి ఎదురుగా కూర్చున్నాడు.

"తులం."

"ఊఁ."

"ఆ రోజు స్కూటరు మీద... పెట్టెకు తాడు కట్టాల్సింది నేను. కట్టలేదు."

తులం చేతులు కీబోర్డు మీద ఆగిపోయాయి. తెర మీద ఆమె బొమ్మ కోట గోడ పక్కన అలాగే నిలబడిపోయింది.

"తప్పు నాదే తల్లీ" అన్నాడాయన.

తులం కళ్లు నిండాయి. లేచి బల్ల చుట్టూ తిరిగి వచ్చి, ఆయన భుజం మీద చెయ్యి వేసి, తల మీద గడ్డం ఆనించి నిలబడింది. "తెలుసు నాన్నా. ఈ మాట కోసం నేనేం ఎదురుచూడలేదు. కానీ అన్నావు కదా, బాగుంది" అంది. తల్లి కొంగుతో కళ్లొత్తుకుంది. ఆ ఒక్క నిమిషం ఆ ఇంట్లో తొమ్మిదేళ్ల బరువు దిగినట్టే ఉంది.

చెప్పాల్సింది ఇంకా ఉందని ఆయనొక్కడికే తెలుసు. ఆ చెయ్యి తన భుజం మీద ఇంకొక్క క్షణం ఉంటే చాలనుకున్నాడు. ఆ క్షణం అయ్యాక ఇంకొకటి కావాలనిపించింది. "ఇంకో మాట కూడా..." అని మొదలుపెట్టేసరికి బల్ల మీద ఫోన్ మోగింది.

"కెప్టెన్" అంది తులం, ముఖమంతా వెలిగిపోతూ. "రేపు ఎన్నింటికో చెప్పడానికి అయ్యుంటుంది."

"ఆగు తల్లీ, ముందు నా మాట విను" అన్నాడాయన. ఒక్క నిమిషం నాన్నా అని ఆమె అప్పటికే ఫోన్ చెవికి ఆనించుకుంది.

చెప్పండి అంది. వింది. ఊఁ అంది. ఇంకాసేపు వింది. ఆయన ఆమె ముఖం చూడలేక బల్ల అంచు చూస్తూ కూర్చున్నాడు. లావుపాటి లాప్‌టాప్ ఫ్యాన్లు హోరుమంటూనే ఉన్నాయి.

"నా భుజం సంగతి మీకెవరు చెప్పారు?" అని అడిగింది తులం.